నిండింది అనేవాడు మా నాయిన

పోయిన నెల కోదాడలో ఒక పెళ్లికి పోయి, భోజనాలు చేసి మిర్యాలగూడకు తిరిగి వస్తుంటే, హుజూర్‌నగర్ దాటినాక రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద వచ్చింది. కారు నడుపుతున్న మా అబ్బాయి బండి ఆపి, ఊరికే కూర్చోలేక, అద్దంలోంచి వేలు ఊపుతూ ఒకటీ, రెండూ, మూడూ అని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అంత కోపం నాకెక్కడి నుంచి వచ్చిందో గాని, లెక్కపెట్టకురా అని ఒక్క గసురు గసిరాను. వాడు బిత్తరపోయి చెయ్యి దించుకున్నాడు. ఆ గొర్రెలు మావి కావు, వాటి వెనక మోటారు సైకిల్ మీద చెవుల్లో పాటలు పెట్టుకొని పోతున్న మనిషెవరో నాకు తెలియదు. అయినా జీవాలను నోటితో లెక్కపెడితే మంద తరిగిపోతుందని బుద్ధి తెలిసినప్పటి నుంచి విన్నదాన్ని, ఊరుకోలేకపోయాను. గొర్రెలు కాసే ఇండ్లలో పుట్టినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. తక్కినవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

మరి లెక్కపెట్టకపోతే అన్నీ ఇల్లు చేరినట్టు ఎట్లా తెలుస్తుందమ్మా అని వాడు కాసేపటికి అడిగాడు. మంచి ప్రశ్నే. చెప్పాలంటే మా నాయిన సంగతి చెప్పాలి, మా అమ్మ సంగతి చెప్పాలి, ఆ రెండూ ఒక్క దొడ్డి తడిక దగ్గర ముడిపడి ఉన్నాయి. మా నాయిన ఆ తడిక దగ్గర నిలబడి తన నొప్పిని చూడడం నేర్చుకున్నాడు, అదే తడిక దగ్గర మా అమ్మను చూడక పోగొట్టుకున్నాడు. నా ఈడు వాళ్లకైతే సగం చెప్పినా అర్థమవుతుందని తీరికగా మీకు చెబుతున్నాను.

మా ఊరు హుజూర్‌నగర్‌కు దగ్గర. ఇంటి వెనక కంపతో కట్టిన దొడ్డి, దానికి కందికట్టెతో అల్లిన తడిక. పొద్దుగూకే వేళకు మంద తిరిగి వస్తే నాయిన ఆ తడికను ఒక్క గొర్రె పట్టేంత సందు మాత్రం తెరిచి, మోకాలు అడ్డం పెట్టి నిలబడేవాడు. ఒక్కొక్కటే ఆయన మోకాలుకు రాసుకుంటూ లోపలికి పోయేది. ఆయన నోరు మెదిపేవాడు కాదు, వేళ్లు ముడిచేవాడు కాదు, వచ్చినదాని మొహం చూసి పోనిచ్చేవాడు. అన్నీ పోయినాక ఒక్క క్షణం ఆగి, ఏదో విన్నట్టుగా తల వంచి, నిండింది అని తడిక మూసేవాడు. ఎన్నడన్నా ఆ మాట రాకపోతే, ఏందో వెలితిగుంది అని కట్టె పట్టుకొని మళ్లీ చేలలోకి పోయేవాడు, తప్పిపోయిన గొర్రె ఏ కాలువ గట్టునో దొరికేది. చిన్నప్పుడు నాకు అదొక గారడీ లాగా ఉండేది.

చదువు అయిపోయి నేను సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరిన కొత్తలో, రెండువేల రెండో మూడో అయి ఉంటుంది, మేళ్లచెరువు రోడ్డు మీద ఒక సిమెంటు లారీ మా మందలోకి దూసుకొచ్చింది. కొన్ని గొర్రెలు అక్కడికక్కడే పోయాయి. నాయిన కుడికాలు మోకాలు కింద నుజ్జయింది. సూర్యాపేట దవాఖానలో కాలిలో రాడ్డు వేసి, కట్లు మార్చడానికి తరచూ రావాలన్నారు గనుక కొన్నాళ్లు ఆయన్ను నా కిరాయి గదిలోనే ఉంచుకున్నాను. నేనొక్కదాన్నే సంతానం, ఇంక ఎవరున్నారు. ఊళ్లో మంద ఎవరు కాయాలన్న మాటే రాలేదు. మర్నాడు పొద్దున్నే అమ్మ సద్ది కట్టుకొని, నాయిన గొంగడి భుజాన వేసుకొని, ఆయన కట్టె పట్టుకొని జీవాల వెనక నడిచింది. నువ్వు కాయగలవా అని ఎవరూ అడగలేదు, నేను కాయలేనని ఆమె అనలేదు.

నాయిన సంగతి మాత్రం అడక్కండి. తిరిగిన మనిషి కదా, మంచం మీద కాలుగాలిన పిల్లి ఎట్లా ఉంటుందో అట్లా ఉండేవాడు. నొప్పి లేస్తే లారీవాణ్ని తిట్టేవాడు, డాక్టరును తిట్టేవాడు, అన్నం వేడిగా ఉంటే నన్ను, చల్లారితే నన్ను తిట్టేవాడు. బడి నుంచి వచ్చి మెట్లు ఎక్కుతుంటేనే నా కాళ్లు బరువెక్కేవి. అట్లాంటి రోజుల్లో మా ఇంటి ఓనరు సారు ఒక సాయంత్రం మా గదికి వచ్చి, మంచం పక్కన చాప వేసుకొని కూర్చున్నాడు.

ఆ సారుది కోదాడ దిక్కు, మాటలో కొంచెం ఆంధ్రా యాస. ఉద్యోగం నుంచి దిగిపోయాక బుద్ధుడి ధర్మంలో పడ్డాడు. ఆ కాలంలో మా దిక్కు గుట్టల మీద పాత స్తూపాలు తవ్వుతుంటే చూడ్డానికి పోయి, చూసి చూసి చివరికి తాను కూడా తెల్లవారకముందే డాబా మీద కళ్లు మూసుకొని కూర్చునేవాడు. ఆ సాయంత్రం ఆయన చెప్పిందేమంటే, ఒంట్లోకి గాని మనసులోకి గాని ఏది వచ్చినా మూడు రకాలేనట. హాయిగా ఉండేది ఒకటి, బాధగా ఉండేది ఒకటి, హాయీ బాధా రెండూ కానిది ఒకటి. మొదటిదాని వెంట మనం పరుగెత్తుతాం, రెండోదాన్ని కర్ర తీసుకొని కొడతాం, మూడోది వచ్చినప్పుడు నిద్రపోతాం. ఈ మూడూ చేయకుండా, వచ్చిందాన్ని వచ్చినట్టు చూస్తే చాలు అన్నాడు. మా నాయినకు చెప్పడమంటే చెవిటివాని ముందు శంఖం ఊదడమేనని నేను వంటింట్లో నవ్వుకుంటున్నాను. నాయిన నేననుకున్నంత పనీ చేశాడు.

"నొస్తుంటే నొస్తుందని సూసుడేంది సారూ, అది నాకు తెల్వదా? ఊరంతటికి తెలిసిపాయె."

సారు కోపం తెచ్చుకోలేదు. ఆ మాటా ఈ మాటా పెట్టి గొర్రెల మీదికి తెచ్చాడు. సాయంత్రం మంద తోలేటప్పుడు ఏం చేస్తావన్నా అని అడిగాడు. నాయిన ముఖంలోకి అప్పుడు కళ వచ్చింది, తడిక సంగతి అంతా చెప్పాడు. కుంటుకుంటూ వచ్చినదాన్ని అక్కడే నిలబెట్టి తిడతావా అని సారు అడిగితే, దానిదేం తప్పు అన్నాడు. మరి ముద్దొచ్చే పిల్ల వస్తే ఎత్తుకొని కూర్చుంటావా అని అడిగితే నాయినకు నవ్వొచ్చింది.

"తడిక కాడ ముద్దులాడుకుంట కూసుంటే ఎనకవి ఏం గావాలె సారూ?"

నీకు నేను చెప్పేదేం లేదన్నా, నీ తడిక దగ్గరే నిలబడు అని సారు చాప చుట్టుకొని పోయాడు. ఆ మాట నాయిన లోపల ఎక్కడ పడిందో గాని, మరుసటి రోజు నుంచి మంచమే దొడ్డి అయింది. నొప్పి లేచినప్పుడు పళ్లు బిగబట్టి, వచ్చినవా, పా లోపటికి, అని గొణిగేవాడు. కిటికీలోంచి చల్లగాలి వస్తే, నువ్వూ పా, అనేవాడు. నొప్పి పోయిందని నేను అబద్ధం చెప్పను, ఆ కాలు ఆయన బతికినన్నాళ్లూ నొచ్చింది. నొప్పి వెనక తోసుకొచ్చే కోపం మాత్రం తగ్గింది. నేను మెట్లు మామూలుగా ఎక్కడం మొదలుపెట్టాను.

మూడోదాని దగ్గరే ఇద్దరికీ పేచీ. హాయీ బాధా కానిదాన్ని కూడా చూడాలన్నా, అది ఎక్కువసేపు ఉంటుంది, జీవితమంతా అదే ఉంటుంది అని సారు వచ్చినప్పుడల్లా అనేవాడు. నాయిన తల అడ్డంగా ఊపేవాడు. కుంటేదాని మీద కన్ను నిలుస్తది, కడుపుతోనున్న సూడిదాని మీద కన్ను నిలుస్తది, నడిమిట్లవి పోతనే ఉంటయి, వాటిల ఏం సూస్త సారూ అనేవాడు. సారు ఒత్తిడి చేసే మనిషి కాదు.

కాలు కొంత కుదుటపడ్డాక నాయిన ఊరికి పోయాడు. నడక చేతికర్ర మీదే. మంద వెనక తిరగలేడు గనుక దొడ్డి దగ్గర మంచం వేయించుకొని, పొద్దుగూకితే లేచి తడిక పట్టుకొని నిలబడడం ఒక్కటే ఆయన పని. తర్వాత నాకు పెళ్లయింది, మిర్యాలగూడలో బియ్యం మిల్లులో పనిచేసే ఆయనతో కాపురం, పిల్లవాడు పుట్టాడు. వీలు దొరికితే హుజూర్‌నగర్ బస్సెక్కి ఊరికి పోయేదాన్ని. నాయిన మంచం చుట్టూ ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్లు, నడుము నొప్పి వాడొకడు, కొడుకు మీద కోపం వచ్చినవాడొకడు, అందరికీ తడిక సంగతి చెప్పేవాడు. పోగానే నేను కాలు ఎట్లుంది నాయినా అనేదాన్ని. ఊరంతా అదే అడిగేది. ఆ కాలుకున్న మర్యాద మా ఊరి సర్పంచుకు కూడా లేదు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా అమ్మ అడగకముందే పెట్టే రకం. కానీ మా అమ్మను అడిగేవాళ్లెవరు? ఆమె పెద్దగా నవ్వేది కాదు, ఏడ్చేది కాదు, తలనొప్పని పడుకోగా నేను చూడలేదు. ఎప్పుడన్నా మాటవరసకు ఎట్లున్నవమ్మా అంటే నాకేమైతది బిడ్డా అని చేటలో బియ్యం చెరుగుతూ పోయేది. పొద్దున సద్ది కట్టుకొని వెళ్లడం, సాయంత్రం చివరి గొర్రె వెనక రావడం, కట్టెతో తడిక గుంజను ఒకసారి తట్టి దొడ్డిలోకి అడుగుపెట్టడం. ఆ తట్టిన చప్పుడు అయినాక నాయిన నిండింది అనేవాడు. ఆమె తడికకు తాడు కట్టి, పొయ్యి దగ్గరికి పోయేది.

ఒక ఎండాకాలం నేను పోయినప్పుడు అమ్మ తన కాళ్ల కడియాలు తీసి ఒక గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది. కంపకు తట్టుకుంటున్నయి బిడ్డా, నీ దగ్గర ఉండనీ అన్నది. పెళ్లినాటి కడియాలు, అన్నాళ్లూ ఏ కంపకూ తట్టుకోనివి. పాదాలు వాచి కడియం దిగని రోజు వస్తుందని ఆమెకు అప్పటికే తెలుసేమో. ఆ ఏడే మంద ఆలస్యంగా రావడం మొదలయింది. నాయిన తడిక దగ్గర నిలబడి గొర్రెల డొక్కలు చూసి, జీవాల కడుపులు నిండుత లేవు, నువ్వు యాడ కూసుంటున్నవ్ అని కేకలేసేవాడట. ఎండ గట్టిగుందయ్యా అనేదట అమ్మ. ఏ గొర్రె గిట్ట కింద ముల్లుందో మంచం మీది నుంచే చెప్పగలిగిన మనిషి, రెండడుగుల దూరంలో ఆ వాచిన పాదాలను చూడలేదు. కుంటితే చూసేవాడేమో. ఆమె కుంటలేదు.

అమ్మ సాగర్ కాలువ గట్టు మీద పడిపోయిందని కబురొచ్చి, నేనూ మా ఆయనా పోయి మిర్యాలగూడ తెచ్చుకున్నాం. రెండు కిడ్నీలూ చెడిపోయాయని, ఇది ఇవాళ్టిది కాదని, చాలాకాలం నుంచే లోలోపల నడుస్తున్నదని డాక్టరు చెప్పాడు. ఇంతకాలం ఏమీ చెప్పలేదా అని ఆయన మా వంక చూస్తే, అందరమూ నేల చూశాం. రక్తం కడిగే మిషను మీద ఎన్నాళ్లు నెట్టుకొస్తే అన్నాళ్లు అన్నారు. మా అమ్మ బతుకు అప్పటికి అంత సన్నని దారం మీదికి వచ్చింది.

మందను మా మేనమామకు అప్పజెప్పి నాయిన మా ఇంటికి వచ్చాడు. వచ్చినవాడు అమ్మ మంచం పక్కన పీట వేసుకొని కూర్చున్నాడు, ఇంక లేవలేదు. పొద్దున చూసేవాడు, మధ్యాహ్నం చూసేవాడు. ఇప్పుడెట్లుంది, ఇప్పుడెట్లుంది, మంచిగుందా, నొస్తుందా అని అడుగుతూనే ఉండేవాడు. పాపం ఆమెకు జవాబు చెప్పడం రాదు. జన్మలో ఎవరూ ఆగి అడగని ప్రశ్న ఒక్కసారిగా పొద్దస్తమానం అడుగుతుంటే సిగ్గుపడి కొంగు ముఖం మీదికి లాక్కునేది.

"నన్నేంది గొర్రెను సూసినట్టు సూస్తున్నవ్, బిడ్డ నవ్వుతది," అన్నది ఒకనాడు.

నేను నవ్వాను. నాయిన నవ్వలేదు. గొర్రెను సూసినట్టు సూసినా బతుకుదువు అని, గోడ వైపు తిరిగి భుజాలు కదిలేట్టు ఏడ్చాడు. అమ్మకు ఏం చేయాలో తోచక ఆయన నొప్పి కాలు మీద చెయ్యి వేసి నిమరడం మొదలుపెట్టింది. అప్పుడు కూడా ఆ కాలే.

అడగ్గా అడగ్గా ఆమె నోట ఒక్క ఇష్టం బయటపడింది. కాలువకు నీళ్లు వదిలిన కొత్తలో, గొర్రెలు తాగుతుంటే గట్టు మెట్టు మీద కూర్చొని పాదాలు నీళ్లలో పెట్టుకునేదట. మంచిగుంటుండె అన్నది, ఎవరిదో దొంగిలించినట్టు మెల్లగా. నాయినకు అంతే చాలు. మర్నాడే ఆటో పిలిపించి, నేను వద్దన్నా వినకుండా ఆమెను కాలువ దగ్గరికి తీసుకుపోయాడు. నేనూ వెంట పోయాను. ఎండాకాలం, పై నుంచి నీళ్లు బంద్ చేశారు, కాలువ అడుగున పగుళ్లు తేలిన బురద తప్ప చుక్క నీరు లేదు. చేతికర్ర పట్టుకొని నాయిన ఆ ఎండిన కాలువ వంక అట్లాగే చూస్తూ నిలబడ్డాడు. అమ్మ మాత్రం మెట్టు మీద కూర్చొని, చెప్పులు విడిచి, వాచిన పాదాలను నీడ పడ్డ సిమెంటు మీద ఆనించింది. సల్లగనే ఉంది, మంచిగనే ఉంది, నువ్వు కూసో అన్నది ఆయనతో. చాలాసేపు ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. నేను ఆటో దగ్గరికి వచ్చి కళ్లు తుడుచుకున్నాను.

కాలువకు నీళ్లు రాకముందే అమ్మ పోయింది.

ఊరికి తీసుకుపోయి జరగవలసినవన్నీ జరిపించాం. మనుషులు పోయారని జీవాలు మేత మానవు గదా, మరుసటి పొద్దున మేనమామ మందను తోలుకుపోయాడు. సాయంత్రం ఇంటి నిండా చుట్టాలున్నారు, పరామర్శకు సూర్యాపేట నుంచి సారు కూడా వచ్చి కూర్చున్నాడు. మంద గంటలు వినిపించగానే నాయిన లేచి దొడ్డి దగ్గరికి పోయాడు. తడికను ఎప్పటిలాగే ఒక్క గొర్రె పట్టేంత తెరిచి, నొప్పి కాలు అడ్డం పెట్టి నిలబడ్డాడు. ఒక్కొక్కటే లోపలికి పోయింది. ఆఖరి గొర్రె కూడా పోయింది. మేనమామ పక్క సందు నుంచి ఇంట్లోకి పోయి కాళ్లు కడుక్కుంటున్నాడు. నాయిన తడిక మూయలేదు. తల వంచి వింటున్నట్టు అట్లాగే నిలబడ్డాడు. మేనమామ వచ్చి, అన్నీ వచ్చినయి బావా, నేను ఎనకనే ఉంటిగదా, ఒక్కటి తప్పిపోలే, తడికెయ్యి అన్నాడు. నాయిన బాట వైపు చూస్తూనే తల అడ్డంగా ఊపాడు.

"నిండలే," అన్నాడు.

మేనమామ తడికకు చెయ్యి వేయబోతే సారు లేచి వచ్చి ఆయన భుజం పట్టుకొని ఆపాడు. మేమంతా వాకిట్లో నిలబడిపోయాం. చూపు ఆనినంతసేపు నాయిన ఆ తడికను తెరిచి పట్టుకొని నిలబడ్డాడు, గొర్రెలు మళ్లీ బయటికి పోకుండా కాలు అడ్డం పెట్టుకొని. చివరికి నేను పోయి ఆయన వేళ్లు విప్పదీసి, లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. అప్పుడు నాయిన సారు చెవి దగ్గరికి వంగి అన్నాడు, నువ్వు చెప్పిన మూడోది గిదేనా సారూ, నేను దాన్ని ఒక్కనాడు సూడలే, అని. సారు నాయిన చెయ్యి పట్టుకొని కూర్చున్నాడు, అంతే.

ఆ తర్వాత మంద అమ్మేశాం. నాయిన కొన్నాళ్లు ఊళ్లో, కొన్నాళ్లు నా దగ్గర ఉండి, మన రాష్ట్రం వచ్చిన ఏడు పోయాడు. ఆఖరు దాకా సాయంత్రం పూట కళ్లు మూసుకొని కూర్చునేవాడు. ఏం వచ్చింది నాయినా ఇవ్వాళ అని అడిగితే, కాలు సంగతి ఎత్తేవాడు కాదు. మీ అమ్మ కట్టెతోని గుంజను కొడుతుండె సూడు బిడ్డా, గా సప్పుడు, అనేవాడు. అన్నేండ్లూ ఆ చప్పుడు ఆయనకు హాయీ కాదు, బాధా కాదు, విన్నట్టు కూడా తెలియదు. పోయినాక మాత్రం రోజూ వినిపించింది.

ఇప్పుడు మా దొడ్డి జాగాలో ప్లాట్ల రాళ్లు పాతారు. జీవాల చెవులకు ప్లాస్టిక్ బిళ్లలు వేసి, ఫోనులో చూసుకొని అన్నీ ఉన్నాయో లేవో చెబుతున్నారట. మంచిదే, గొర్రె తప్పిపోకుండా ఉంటే చాలు. కాలువ మెట్ల మీద పాదాలు పెట్టుకొని కూర్చునే ఆడవాళ్లు మాత్రం నాకు ఎక్కడా కనిపించలేదు.

ఆ రోజు కోదాడ నుంచి ఇల్లు చేరాక మా అబ్బాయికి ఇదంతా చెప్పాలనుకొని చెప్పలేకపోయాను. కానీ రోజూ సాయంత్రం ఒక్కటి చేస్తాను, వాడికి అదెందుకో తెలియదు. మిల్లు నుంచి మా ఆయన వస్తాడు, వాడు వస్తాడు, ఒక్కొక్కరు చెప్పులు విడిచి లోపలికి పోతుంటే నేను తలుపు దగ్గర నిలబడి మొహాలు చూస్తాను, ఏమీ కానట్టు వచ్చినవాళ్ల మొహం ఇంకొంచెంసేపు చూస్తాను. అందరూ వచ్చాక కూడా తలుపు పట్టుకొని కాసేపు అట్లాగే ఉంటాను. తలుపెయ్యమ్మా, దోమలొస్తున్నయి అని లోపలి నుంచి వాడు కేకేస్తాడు. వేస్తున్నాలేరా అంటాను, వేస్తాను. నిండింది అనే మాట మాత్రం ఇన్నేండ్లలో ఒక్కసారి కూడా నా నోట రాలేదు.